ఒక గంట నిశ్శబ్దం ఎవరి ఖాతాలో పడింది?

కిందటి వేసవి సెలవుల్లో నోయిడాలో ఉంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఈ శని ఆదివారాలు పిల్లల్ని మీ దగ్గర ఉంచుకుంటారా?" అని అడిగింది. ఎక్కడికన్నా వెళ్తున్నారా అన్నాను. "ఎక్కడికీ వెళ్ళం. ఇంట్లోనే ఉంటాం. నిద్రపోతాం. రెండ్రోజులు ఎవరూ 'అమ్మా' అని పిలవకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది" అంది. నేనూ మా ఆవిడా ద్వారకా నుంచి మెట్రోలో వెళ్ళి పిల్లలిద్దరినీ తెచ్చుకున్నాం. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చిన బంధువులావిడ సంగతి విని ముక్కున వేలేసుకుంది. "జబ్బా, ఊరు ప్రయాణమా? ఊరికే నిద్రపోవడానికి పిల్లల్ని పంపించెయ్యడమా? ఇదేం తల్లితనం? మా రోజుల్లో ఇంటినిండా పిల్లలు. ఒక్కనాడు విసుగనుకున్నామా?" అంది. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

నేను 37 ఏళ్ళు రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చరిత్ర పండితుణ్ణి కాను, చదివింది బి.కాం. అయితే ఒక అలవాటు మాత్రం వదల్లేదు. పని జరిగిందంటారు, ఖర్చు మాత్రం సున్నా అంటారు. అలాంటి కాగితం ఎదురైతే, ఆ ఖర్చు ఇంకెవరి ఖాతాలోనో పడి ఉంటుందని వెతకడం నాకు ఉద్యోగం నేర్పింది. "మా రోజుల్లో ఎవరూ విశ్రాంతి కోరలేదు" అన్నది కూడా అలాంటి కాగితమే. హేతువాదులం కనుక, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా పరీక్షించకుండా ఒప్పుకోకూడదు కదా. కాబట్టి పరీక్షిద్దాం.

ముందు మేముంటున్న ఢిల్లీతోనే మొదలుపెడతాను. పురానా ఖిలాకి ఎదురుగా రోడ్డుకి అవతల ఖైరుల్ మనాజిల్ అనే పాత మసీదు ఉంది. 1561లో దాన్ని కట్టించింది మాహమ్ అంగా. ఆవిడ రాణి కాదు, అక్బరు దాదుల్లో ముఖ్యురాలు. మెహ్రౌలీలో ఎత్తు మీద కనిపించే పెద్ద గుమ్మటం ఆవిడ కొడుకు ఆధమ్ ఖాన్ సమాధి. నిజాముద్దీన్‌లో ఎర్రరాయీ పాలరాయీ కలిపి కట్టిన చక్కని సమాధి అత్గా ఖాన్‌ది. ఆయన అక్బరుకి పాలిచ్చిన మరో దాది జీజీ అంగా భర్త. 1562లో ఆధమ్ ఖాన్ అత్గా ఖాన్‌ని చంపాడు, అక్బరు ఆధమ్ ఖాన్‌ని మేడ మీంచి తోయించి చంపించాడు. కథ రాజకీయమే. కాని ఆ రెండు కుటుంబాలూ అంత ఎత్తుకి ఎలా ఎదిగాయి? ఒక బిడ్డని తల్లిదండ్రుల బదులు పెంచడం వల్ల. 1543లో హుమాయూన్ ఇరాన్‌కి పారిపోతూ ఏడాది దాటిన అక్బరుని వెనక వదిలి వెళ్ళాడు. మళ్ళీ కొడుకుని చూసింది 1545లో. మధ్యలో ఆ బిడ్డని చూసుకున్నది దాదులే.

అంటే పిల్లల పని పక్కవాళ్ళ చేతిలో పెట్టడం నోయిడా ఫ్లాట్లలో పుట్టిన కొత్త జబ్బు కాదు. కలిగినవాళ్ళు ఎప్పుడూ చేసిందే. దాది మాత్రం తన బిడ్డ పాలలో వాటా తెచ్చి పరాయి బిడ్డకి ఇచ్చేది. రాజుగారి దాదికి మసీదు కట్టించేంత డబ్బు వచ్చింది. మామూలు జమీందారు ఇంటి దాదికి పాత చీరలు వచ్చి ఉంటాయి.

తెల్లదొరల కాలంలో దాది పేరు ఆయాగా మారింది. దొరసాని విశ్రాంతి తీసుకుంటుంటే పిల్లల్ని ఎత్తుకు తిరిగింది ఆయాయే. ఓడలో ఇంగ్లండుకి వెళ్ళేటప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి ఆమెనూ తీసుకెళ్ళేవారు. అక్కడికి చేరాక పని అయిపోయిందని కొందరిని తిరుగు టిక్కెట్టు లేకుండా వదిలేశారు. అలాంటివాళ్ళకి తల దాచుకోవడానికి లండన్‌లో ప్రత్యేకంగా ఆయాల వసతిగృహం నడపాల్సి వచ్చింది. అది 1900లో హాక్నీ ప్రాంతంలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులోకి మారింది. ఆ ఇంటి గోడకి 2022లో ఒక స్మారక ఫలకం పెట్టారు. ఇంతమంది ఆడవాళ్ళు ఆ పని చేసినందుకు మిగిలింది ఆ ఫలకం.

మరి దాదీ, ఆయా లేని పేదవాళ్ళో? కూలికి వెళ్ళాలి, బిడ్డ ఏడవకూడదు. దానికి దొరికిన ఉపాయం నల్లమందు. పసిపిల్లలకి ఆవగింజంత నల్లమందు నాకించి నిద్రపుచ్చడం మన దేశంలో చాలాచోట్ల మామూలు సంగతి. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఇందుకోసం మాత్రలే దొరికేవి. వాటిని 'బాలగోలీలు' అనేవారు. 1893లో వేసిన రాయల్ ఓపియం కమిషన్ ముందు కూడా పిల్లలకి నల్లమందు పెట్టే అలవాటు గురించి సాక్ష్యాలు వచ్చాయి. 1895లో ఇచ్చిన నివేదికలో మాత్రం కమిషన్ మొత్తమ్మీద నల్లమందు వాడకం వల్ల పెద్ద ప్రమాదం లేదనే ధోరణిలో తేల్చింది. నల్లమందు మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండేది, ఖజానాకి మంచి ఆదాయం వచ్చేది. లెక్కలు చూసినవాడిగా ఆ తీర్పు నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు.

ఇది మన మూర్ఖత్వమే అనుకుని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. ఇంగ్లండులో ఫ్యాక్టరీ కూలీలు పిల్లలకి పట్టించిన 'గాడ్‌ఫ్రీస్ కార్డియల్'లో ఉన్నదీ నల్లమందే. అమెరికాలో 1849 నుంచి అమ్మిన 'మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్'లో మార్ఫిన్ ఉండేది. అందులో ఏముందో సీసా మీద రాయాలని 1906లో చట్టం వచ్చేదాకా కొన్న తల్లులకి ఆ సంగతే తెలియదు. 1911లో అమెరికా వైద్యుల సంఘం తన పుస్తకంలో ఇలాంటి మందులని 'శిశుహంతకులు' అన్న శీర్షిక కింద చేర్చింది. మనందరి ఇళ్ళలో తిరిగిన గ్రైప్ వాటర్ కూడా 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిందే. అప్పటి తయారీలో సారా కలిసేది. నల్లమందుతో పోలిస్తే అది చాలా సాధువు. కాని బిడ్డ నిద్రపోవడం వెనక దైవకృప ఏమీ లేదని తెలుస్తూనే ఉంది.

నల్లమందు కూడా దొరకనిచోట మూఢనమ్మకం పనిచేసింది. బిడ్డ ఆపకుండా ఏడిస్తే దిష్టి తగిలిందన్నారు, గాలి సోకిందన్నారు. మన దగ్గర ఉప్పూ మిరపకాయలూ తిప్పి తాయెత్తు కట్టారు, ఇక్కడ ఉత్తరాదిన 'నజర్' అని నల్లదారం కడతారు. సుశ్రుత సంహితలోనే బిడ్డల్ని పట్టే బాలగ్రహాలు 9 అని పేర్లతో సహా ఉంది. పూతన అందులో ఒకటి. ఈ నమ్మకాలకి ఇంకో ప్రయోజనం ఉందని నాకు ఈ మధ్యే తట్టింది. బిడ్డ ఏడుపుకి గ్రహం కారణమైతే, తల్లి అలిసిపోయిందనీ, ఆమెకి ఎవరూ సాయం చెయ్యడం లేదనీ ఒప్పుకునే అవసరం ఉండదు. ఇంట్లోవాళ్ళంతా ఆ విధంగా తప్పుకోవచ్చు. తాయెత్తు కట్టిన మంత్రగాడి డబ్బులు అతనికి ముడతాయి, బిడ్డ మళ్ళీ తల్లి చంకలోకే వస్తుంది.

ఇప్పుడు ఆ బంధువులావిడ చెప్పిన "మా రోజుల" దగ్గరికి వస్తాను. అవి నాకూ తెలుసు. ఏలూరు దగ్గర పల్లెటూళ్ళో మాది ఉమ్మడి కుటుంబం. మేం తొమ్మిదిమంది పిల్లలం. మా అమ్మ, పిన్ని కలిసి ఏలూరు వెళ్ళి నాగేశ్వరరావు సినిమాలు చూసి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం హాయిగా కునుకు తీసేవాళ్ళు. వాళ్ళకి విసుగు రాలేదన్నది నిజమే. ఎందుకంటే మా పెద్ద మేనత్త ఉండేది.

ఆవిడ మా నాన్నగారికి పదేళ్ళు పెద్ద. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండు నిండకుండానే వైధవ్యం. ఆవిడ పుట్టేసరికే వితంతు వివాహ చట్టం వచ్చి 60 ఏళ్ళు కావస్తోంది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. రాజమండ్రి మా ఊరికి మరీ దూరమేమీ కాదు. అయినా అది మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఆవిడ తెల్లవారుజామున లేచి మా అందరికీ నీళ్ళు పోసేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది, రాత్రి కథ చెప్పి నిద్రపుచ్చేది. జీతం లేదు, సెలవు లేదు. సినిమాకి రమ్మని ఎవరూ పిలవరు, పిలిచినా విధవ వెళ్ళకూడదు.

నాకు పదేళ్ళప్పుడు అనుకుంటాను, ఒక మధ్యాహ్నం గడ్డివాము వెనక ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. నేను వెతుక్కుంటూ వెళ్ళి "అత్తా" అని పిలిచాను. ఆవిడ తల ఎత్తకుండానే, "కాసేపు నన్నొదిలెయ్యి నాయనా" అంది. నేను ఇంట్లోకి పరుగెత్తి, అత్త నన్ను పొమ్మంటోందని నాయనమ్మకి చెప్పాను. నాయనమ్మ పెరట్లోకి వచ్చి, "కూర్చోబెట్టి తిండి పెడుతుంటే పసివాణ్ణి విసుక్కుంటావా?" అని నలుగురిలో తిట్టింది. అత్త లేచి వచ్చింది. నాకు జామకాయ కోసిపెట్టింది. నేను తిన్నాను. మా అమ్మాయి ఫోన్లో మాట్లాడిన రోజు దాకా ఆ సంగతి నాకు మళ్ళీ గుర్తుకు రాలేదు.

ఉమ్మడి కుటుంబం ఎంత గొప్పదో చెప్పే వ్యాసాలు పత్రికల్లో ఇప్పటికీ వస్తుంటాయి. చదివినప్పుడల్లా నాకొకటి అడగాలనిపిస్తుంది. ఆ ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసేవాళ్ళు? విధవరాలైన మేనత్తా? బడి మాన్పించిన పెద్దమ్మాయా? వాళ్ళ పేరు చెప్పకుండా ఆ మాట అంటే లెక్క పూర్తి కాదు.

పిల్లల పని ఒకరి నెత్తిన రుద్దకుండా, అందరికీ తెలిసేలా, డబ్బిచ్చి, బాధ్యతతో చేయించే పద్ధతి చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చింది. స్కాట్లండులోని న్యూ లానార్క్‌లో తన మిల్లు కూలీల పిల్లల కోసం రాబర్ట్ ఓవెన్ 1816లో శిశుపాఠశాల తెరిచాడు. మతాలని బహిరంగంగా విమర్శించిన మనిషి కనుక ఆయన మన పాఠకులకి కొత్త కాదు. నడక వచ్చిన బిడ్డ దగ్గర్నుంచి అక్కడ చేర్చుకునేవాళ్ళు, కొట్టకూడదన్నది నియమం. పారిస్‌లో 1844లో ఫిర్మాన్ మార్బో మొదటి క్రెష్ పెట్టాడు. బెర్ట్రాండ్ రస్సెల్ అయితే అసలు ఇళ్ళు కట్టే తీరే మార్చాలన్నాడు. అందరికీ కలిపి వంటశాల, పిల్లలకి కలిపి శిశువిహారం ఉంటే ఆడవాళ్ళకి ఊపిరాడుతుందని వాదించాడు. ఆయన వ్యాసాల సంపుటిలో 1935లో వచ్చింది ఆ వాదన.

మన దేశంలో ఈ చరిత్రకి ముఖ్యమైన చోటు ఢిల్లీలోనే, రాజ్‌ఘాట్ దగ్గర ఉంది. 1969లో గాంధీ శతజయంతికి అక్కడ 'గాంధీ దర్శన్' ప్రదర్శన కట్టడాలు లేస్తున్నాయి. తల్లులు ఇటుకలు మోస్తుంటే వాళ్ళ పసిపిల్లలు ఎండలో, దుమ్ములో పడి ఉండడం మీరా మహదేవన్ గారు చూశారు. గాంధీగారి పేరు మీద కడుతున్న చోట ఇదేమిటని ఆవిడకి మనసొప్పలేదు. అక్కడే ఒక గుడారంలో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టారు. అలా పుట్టింది 'మొబైల్ క్రెషెస్'. కట్టడం పూర్తయి కూలీలు ఇంకోచోటికి వెళ్తే క్రెష్ కూడా వాళ్ళతో వెళ్తుంది. అందుకే ఆ పేరు.

చట్టాలు లేక కాదు. 1931లో విట్లీ కమిషన్ ఫ్యాక్టరీల్లో క్రెష్‌లు ఉండాలని సిఫార్సు చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ తప్పనిసరి అంది. 1976లో ఆ సంఖ్యని 30కి తగ్గించారు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, అందులోనూ క్రెష్ ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ క్రెష్ ఉండాలన్నారు. కాగితం మీద ఇంత ఉంది. 2016లో అహ్మదాబాద్‌లో రోడ్డు పక్క తవ్వకం పనిలో ఉన్న తల్లి తన పసిబిడ్డని కాలికి టేపు చుట్టి రాయికి కట్టేసిన ఫోటో ప్రపంచమంతా చూసింది. బిడ్డ రోడ్డు మీదకి పోకుండా ఆ తల్లికి తెలిసిన జాగ్రత్త అది. భాగవతంలో యశోద కృష్ణుణ్ణి రోలుకి కట్టిందని మురిసిపోతాం. ఆ కథ రాసినవాళ్ళకి కూడా పని చేసుకునే తల్లి కష్టం తెలుసన్నమాట.

ఇప్పుడు నా సొంత ఖాతా. దాన్ని దాచుకుని ఇతరుల లెక్కలు తప్పుపట్టడం న్యాయం కాదు.

మా పిల్లలు పుట్టింది 1980లలో. అప్పుడు తండ్రికి సెలవు లేదు. 15 రోజుల పితృత్వ సెలవు వచ్చింది 1997లో. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి పిల్లల సంరక్షణ కోసం 730 రోజుల సెలవు 2008లో వచ్చింది. ఈ సెలవు బిల్లులు నేనే ఎన్నో పాస్ చేశాను. అవన్నీ పిల్లల దగ్గర ఉండడానికి ఇచ్చే సెలవులు. పిల్లల నుంచి కాసేపు దూరంగా ఉండడానికి ఏ నియమావళిలోనూ కాలమ్ లేదు. నాకు ఆ కాలమ్ అవసరం కలగలేదు. ఆఫీసు ఉంది. ఆదివారం వస్తే హేతువాదుల సమావేశం ఉంది. ఆర్.కె.పురం క్వార్టర్లో భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వదిలి, బస్సెక్కి వెళ్ళి, స్త్రీ స్వేచ్ఛ గురించి, వీరేశలింగం గారి గురించి, చలం గారి గురించి మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని చీకటిపడ్డాక ఇంటికి వచ్చేవాణ్ణి.

ఈ వ్యాసం రాస్తూ మా ఆవిడని అడిగాను, "అప్పట్లో నీకెప్పుడైనా ఇలా అనిపించిందా?" అని. "క్వార్టర్లో నీళ్ళు పొద్దున రెండు గంటలే వచ్చేవి కదా. మీరు ఆఫీసుకి తయారయ్యేలోగా పిల్లల్ని మీకొదిలి బాత్రూంలోకి వెళ్ళి బకెట్ కింద కుళాయి తిప్పి పది నిమిషాలు ఊరికే కూర్చునేదాన్ని. నీళ్ళ చప్పుడులో ఎవరి గొంతూ వినపడేది కాదు" అంది. బకెట్ నింపడానికి అంతసేపేమిటని నేను తలుపు కొట్టేవాణ్ణట. నాకు గుర్తు లేదు. "మరి చెప్పలేదేం?" అన్నాను. "మీరు అడగలేదుగా" అంది.

2019లో జాతీయ గణాంక సంస్థ, మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఇంట్లో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ జీతం లేకుండా చూసుకునే పనిలో ఉన్న ఆడవాళ్ళు సగటున రోజుకి 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. వంటా చాకిరీ ఇందులో కలవలేదు. అది వేరే లెక్క. నా ఆదివారాలని ఈ పట్టికలో ఎక్కడ చూపించాలో నాకు తెలుసు.

మనం దయ్యాల్ని నమ్మం, బాబాల్ని నమ్మం. కాని "తల్లికి అలసట ఉండదు, తల్లి ప్రేమకి సెలవుండదు" అన్న నమ్మకాన్ని మాత్రం చాలామంది హేతువాదులం పూజగదిలోలాగే భద్రంగా దాచుకున్నాం. రుజువు అడగని నమ్మకం ఏదైనా మూఢనమ్మకమే. ఇది మనకి సుఖంగా ఉంది కనుక పరీక్షించలేదు, అంతే. ఒక గంట నిశ్శబ్దం కావాలనుకోవడం ప్రేమ లేకపోవడం కాదు. అది కావాలని నోరు విప్పి చెప్పగలిగితే పద్ధతిగా ఏర్పాటు చేసుకోవచ్చు. చెప్పడం పాపమైనచోట నల్లమందు వచ్చింది, తాయెత్తు వచ్చింది, మా మేనత్తలాంటివాళ్ళు బలయ్యారు.

ఆదివారం సాయంత్రం పిల్లల్ని నోయిడాలో దిగబెట్టాం. చిన్నది పరుగెత్తి తల్లిని చుట్టేసింది. ఇకమీదట ప్రతినెలా రెండో శనివారం పిల్లలు మా దగ్గరే అని అనుకున్నాం. మా అమ్మాయి వాళ్ళ సొసైటీలో ఉన్న డే కేర్ కూడా చూశాను. శుభ్రంగా ఉంది. ఫీజు బాగానే ఉంది, రసీదు ఇస్తారు. లోపల పిల్లలకి అన్నం తినిపిస్తున్న ఆయాని, నీ పిల్లలు ఎక్కడుంటారమ్మా అని హిందీలో అడిగాను. చిన్నవాడికి రెండేళ్ళనీ, పదకొండేళ్ళ కూతురు ఇంట్లో ఉండి చూసుకుంటుందనీ చెప్పింది. ఆ అమ్మాయి బడికి వెళ్ళదా అని అడిగితే ఆవిడ జవాబు చెప్పలేదు. ముద్ద కలుపుకుంటూ పక్క పిల్లవాడి వైపు తిరిగింది.

ప్రభుత్వం 2006లో రాజీవ్ గాంధీ క్రెష్ పథకం పెట్టింది. 2022లో 'పాల్నా' అన్న పేరుతో దాన్ని మళ్ళీ మలిచింది. ఆయా ఉండే బస్తీకి దగ్గర్లో అలాంటిదేమైనా ఉందేమో కనుక్కుని చెప్తానని ఆవిడకి మాటిచ్చాను. కనుక్కుంటున్నాను.